పుట్టగొడుగు నుంచి కైటోసాన్: ఒక ముడిపదార్థపు చరిత్ర

రెండు వ్యర్థాల నడుమ

బాపట్ల జిల్లాలోని పిట్టలవానిపాలెం మండలం కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల కింద వరి పండే నేల. విజయవాడ దగ్గర కృష్ణానదికి ఆనకట్ట 1855లో పూర్తయిన నాటి నుంచి ఈ ప్రాంతపు బతుకు ప్రధానంగా వరి చుట్టూనే తిరుగుతూ వచ్చింది. పన్నెండో శతాబ్దంలో వెలనాటి చోడులకు రాజధానిగా ఉన్న చందోలు ఈ మండలంలోనిదే. చరిత్ర విద్యార్థికి మండలం గుర్తుండడానికి ఆ ఒక్క పేరు చాలు. అయితే ఈ పాఠంలో మనం చదవబోయేది రాజుల చరిత్ర కాదు, ఒక పదార్థపు చరిత్ర. ఈ మండలంలో కోతలు, నూర్పిళ్లు అయ్యాక లేచే గడ్డివాములకూ, ఇక్కడి నుంచి సముద్రం వైపు నిజాంపట్నం దారిలో కనిపించే రొయ్యల చెరువులకూ ఆ పదార్థంతో సంబంధం ఉంది.

ఆ పదార్థం కైటోసాన్. రక్తస్రావాన్ని ఆపే బ్యాండేజీలలోనూ, గాయాల మీద కప్పే పొరలలోనూ, మందును శరీరంలో నెమ్మదిగా విడుదల చేసే గుళికల మీద జరిగే పరిశోధనలలోనూ దీని పేరు వినిపిస్తుంది. ప్రపంచంలో నేడు తయారవుతున్న కైటోసాన్‌లో అత్యధిక భాగం రొయ్య, పీత పెంకుల నుంచి వస్తోంది. పుట్టగొడుగుల నుంచి, ఇతర శిలీంద్రాల నుంచి తీసేది కొద్ది భాగమే. కాని ఈ పదార్థపు మాతృక మొట్టమొదట శాస్త్రవేత్త కంటబడింది రొయ్య పెంకులో కాదు, పుట్టగొడుగులో. అలాంటప్పుడు పరిశ్రమ పుట్టగొడుగును వదిలి పెంకుల వైపు ఎందుకు పోయింది? రెండు వందల ఏళ్ల తరువాత వైద్యరంగం మళ్లీ పుట్టగొడుగు వైపు ఎందుకు చూస్తోంది? ఎక్కడ ఏ వ్యర్థం పోగుపడిందన్నదే ఈ దారిని నిర్ణయించిందని నా అభిప్రాయం. ప్రయోగశాలలో తెలిసిన విషయాల పాత్ర దాని తరువాతే వస్తుంది. విద్యార్థులు ఈ అభిప్రాయాన్ని కింది వివరాలతో సరిచూసుకోవచ్చు.

ముందుగా కొంత రసాయనశాస్త్రం అవసరం. దూది, గడ్డి, కలప వీటన్నింటికీ ఆధారం సెల్యులోజు. గ్లూకోజు అణువులు గొలుసుగా కలిస్తే అది ఏర్పడుతుంది. ఆ గొలుసులో ప్రతి గ్లూకోజు ముక్కకూ రెండో కార్బన్ దగ్గర ఉండే హైడ్రాక్సిల్ సమూహానికి బదులు నత్రజని ఉన్న ఎసిటైల్ అమైనో సమూహం ఉంటే అది కైటిన్. కీటకాల పైతొడుగు, రొయ్య పెంకు, శిలీంద్రాల కణకవచం ఈ కైటిన్‌తో గట్టిపడతాయి. గాఢమైన క్షారంతో కైటిన్‌ను వేడిచేసి ఆ ఎసిటైల్ భాగాలను చాలావరకు ఊడగొడితే మిగిలేది కైటోసాన్. కైటిన్ మామూలు ద్రావకాలలో కరగదు. కైటోసాన్ మాత్రం వెనిగర్ వంటి బలహీనమైన ఆమ్లంలో కరుగుతుంది. ఆమ్లంలో దాని అమైనో సమూహాలు ప్రోటాన్‌ను గ్రహించి ధనావేశం పొందడమే ఇందుకు కారణం. ఈ ధనావేశాన్ని గుర్తుపెట్టుకోవాలి. దీని వైద్య ఉపయోగాలు చాలావరకు అందులోంచే వచ్చాయి.

నాన్సీ తోటలో 1811

ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో వృక్షశాస్త్ర ఉద్యానవనానికి హెన్రీ బ్రాకొన్నో సంచాలకుడు. మొక్కల నుంచి, జంతు పదార్థాల నుంచి ఏయే రసాయనాలు వేరుచేయవచ్చో ఓపికగా చూసిన మనిషి. కలపనూ గుడ్డపీలికలనూ ఆమ్లంతో విడగొట్టి చక్కెర తీసినదీ, జిగురు పదార్థం నుంచి గ్లైసీన్ అనే అమైనో ఆమ్లాన్ని 1820లో వేరుచేసినదీ ఆయనే. 1811లో ఆయన పుట్టగొడుగుల మీద తన పరిశోధనను ప్రచురించాడు. పుట్టగొడుగులను పలచని క్షారంతో వేడిచేస్తే చాలా భాగం కరిగిపోయింది. కరగని పీచు ఒకటి మిగిలింది. దానికి ఆయన ‘ఫంజీన్’ అని పేరు పెట్టాడు. అందులో నత్రజని ఉందనీ, అది కలప పీచు వంటిది కాదనీ గుర్తించాడు. నేడు మనం కైటిన్ అంటున్నది, దానితో పెనవేసుకొని ఉండే గ్లూకాన్‌తో సహా, ఆ మిగులులో ఉంది.

బ్రాకొన్నో పరీక్షించిన పుట్టగొడుగుల జాబితాలో ‘అగారికస్ వాల్వాసియస్’ అనే పేరు ఒకటి ఉంది. మన వరిగడ్డి పుట్టగొడుగు శాస్త్రీయనామం నేడు ‘వాల్వేరియెల్లా వాల్వాసియా’. వర్గీకరణ నియమాల ప్రకారం ఈ కొత్త పేరు ఆ పాత పేరు నుంచే వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త బుయ్యార్ ఈ జాతిని ఆ పాత పేరుతోనే వర్ణించాడు. ఆనాటి గుర్తింపులన్నీ ఈనాటి కొలతకు నిలుస్తాయని అనలేం కాని, డెల్టా గడ్డివాముల మీద మొలిచే పుట్టగొడుగు పేరు కైటిన్ చరిత్ర తొలి పేజీలోనే ఉండటం విద్యార్థులు గమనించదగిన విషయం.

పేర్లు మారిన శతాబ్దం

1823లో ఓడియే అనే మరో ఫ్రెంచి శాస్త్రవేత్త పేడపురుగు జాతి కీటకాల రెక్కల కప్పుల నుంచి క్షారంలో కరగని పదార్థాన్ని తీసి దానికి ‘కైటిన్’ అని పేరు పెట్టాడు. గ్రీకులో ‘కిటోన్’ అంటే ఒంటి మీద వేసుకునే అంగీ. ఆయన అందులో నత్రజనిని పట్టుకోలేకపోయాడు. ఇరవై ఏళ్ల తరువాత 1843లో లాసేన్ నత్రజని ఉందని రుజువు చేశాడు. పుట్టగొడుగు వైపు నుంచి వచ్చిన బ్రాకొన్నో ఆ సంగతి ముందే చెప్పాడు. అయినా కాలంలో నిలిచిన పేరు ఓడియే పెట్టినదే. ‘ఫంజీన్’ మరుగున పడింది. కీటకాలను, పీతలను పరిశీలించే జంతుశాస్త్రజ్ఞులు కైటిన్‌ను తమ పదార్థంగా చూశారు. శిలీంద్రాలు వృక్షశాస్త్రజ్ఞుల ఖాతాలో ఉండిపోయాయి. ఒకే పదార్థం రెండు శాఖల మధ్య చీలిపోయి ఇంచుమించు డెబ్బై ఏళ్లు ఉంది. విశ్వవిద్యాలయాలలో శాఖల గోడలు ఎంత పని చేస్తాయో ఎన్నో ఏళ్లు చూసినవాణ్ణి కాబట్టి నాకు ఇది పెద్ద వింతగా తోచదు.

1859లో చార్లెస్ రూజే కైటిన్‌ను గాఢమైన పొటాష్ క్షారంలో మరిగించాడు. వచ్చిన పదార్థం ఆమ్లంలో కరిగింది. దానిని ఆయన మార్పు చెందిన కైటిన్ అన్నాడు తప్ప వేరే పేరు పెట్టలేదు. 1876లో గెయోర్గ్ లెడర్‌హోసే లాబ్‌స్టర్ పెంకులను గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో విడగొట్టి ఒక స్ఫటికాన్ని తీశాడు. అది గ్లూకోసమైన్, అంటే కైటిన్ గొలుసులోని మూల అణువు. ఈ లెడర్‌హోసే తరువాత శస్త్రవైద్యుడయ్యాడు. అరికాలిలో గడ్డలు కట్టే ఒక జబ్బు ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

1894 ఈ చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడు హోప్పె-జైలర్ పీత, తేలు, సాలీడుల తొడుగుల నుంచి తీసిన కైటిన్‌ను పొటాష్‌తో 180 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, పలచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగే పదార్థాన్ని పొందాడు. దానికి ‘కైటోసాన్’ అని పేరు పెట్టాడు. సరిగ్గా ఆ కాలంలోనే వింటర్‌స్టైన్, గిల్సన్ అనే ఇద్దరు విడివిడిగా శిలీంద్రాల కణకవచాల మీద పనిచేస్తూ అందులోనూ గ్లూకోసమైన్ ఉందని చూపారు. శిలీంద్రాల నుంచి తీసిన పదార్థానికి గిల్సన్ ‘మైకోసిన్’ అని వేరే పేరు పెట్టాడు. అది హోప్పె-జైలర్ కైటోసానే అని త్వరలోనే తేలింది. 1898లో వాన్ విసెలింగ్ ఒక పరీక్షను స్థిరపరిచాడు. శిలీంద్రపు ముక్కను క్షారంతో వేడిచేసి, అయోడిన్‌ను పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిపి తగిలిస్తే కైటోసాన్ ఉన్నచోట ఊదారంగు తేలుతుంది. ఏ శిలీంద్రంలో కైటిన్ ఉంది, దేనిలో లేదు అన్న లెక్క అక్కడి నుంచి మొదలైంది. అలా పుట్టగొడుగు, పీత మళ్లీ ఒకే పంక్తిలోకి వచ్చాయి.

కైటిన్ అణునిర్మాణాన్ని తేల్చడంలో ఆల్బర్ట్ హోఫ్‌మన్ అనే యువకుడికి భాగం ఉంది. జూరిక్‌లో పాల్ కారర్ వద్ద 1929లో పూర్తిచేసిన డాక్టరేటు పరిశోధనలో, తోటనత్త జీర్ణరసంలోని ఎంజైములతో కైటిన్‌ను విడగొట్టి దాని నిర్మాణాన్ని చూపాడు. ఎర్గాట్ శిలీంద్రపు పదార్థాల మీద పనిచేస్తూ 1938లో ఎల్‌ఎస్‌డిని తయారుచేసిన హోఫ్‌మన్ కూడా ఈయనే. ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఆ రెండో పని. మొదటిది పరీక్ష రాసే విద్యార్థులకు తప్ప ఎవరికీ పట్టదు.

పెంకుల యుగం

1930లలో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థకు చెందిన జార్జ్ రిగ్బీ కైటోసాన్ తయారీ మీద, దానితో పొరలు, దారాలు చేయడం మీద పేటెంట్లు పొందాడు. 1934లో దరఖాస్తు చేసినవి 1936లో మంజూరయ్యాయి. అప్పటికే అదే సంస్థలో కరోథర్స్ బృందం నైలాన్‌ను కనిపెట్టింది. పెట్రోలియం, బొగ్గు ఆధారంగా కృత్రిమ దారాలు చవకగా, ఒకే నాణ్యతతో వస్తుంటే పెంకుల నుంచి దారం తీయాలన్న ఉత్సాహం చల్లబడింది. తరువాత మూడు దశాబ్దాలపాటు కైటోసాన్ ప్రధానంగా పరిశోధనాపత్రాలలోనే బతికింది.

దానిని తిరిగి నిలబెట్టినది కొత్త ఆవిష్కరణ కాదు, చెత్త సమస్య. శీతల గిడ్డంగులు, ఓడరవాణా పెరిగి రొయ్య, పీత మాంసం అంతర్జాతీయ సరుకయ్యాక శుద్ధి కేంద్రాల దగ్గర తలలు, పెంకులు కుప్పలు పడ్డాయి. 1970లలో పర్యావరణ చట్టాలు బిగిసిన కొద్దీ వాటిని సముద్రంలోకో పొలాల్లోకో తోసేయడం కష్టమైంది. జపాన్‌లో 1971 నుంచి పారిశ్రామిక స్థాయిలో ఉత్పత్తి మొదలైంది. మురుగునీటిలో తేలే మలినాలను గడ్డకట్టించి అడుగుకు దించడానికి అక్కడ దీనిని వాడారు. ఇక్కడ కూడా పనిచేసింది ఆ ధనావేశమే. 1977లో బోస్టన్‌లో కైటిన్, కైటోసాన్‌ల మీద తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. అదే ఏడు ఇటలీ శాస్త్రవేత్త ముజ్జరెల్లి కైటిన్ మీద సమగ్ర గ్రంథాన్ని వెలువరించాడు.

మనదేశంలో 1957లో కొచ్చిలో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ 1970లలో రొయ్య వ్యర్థాల నుంచి కైటిన్, కైటోసాన్ తీసే పద్ధతిని రూపొందించింది. విశాఖపట్నంలో ఆ సంస్థకు పరిశోధనా కేంద్రం ఉంది. ఆంధ్ర తీరంలో చెరువుల రొయ్యసాగు 1990ల మొదట్లో విజృంభించి, ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ వ్యాధితో దెబ్బతిని, 2009లో వనామి రకానికి అనుమతి వచ్చాక మళ్లీ లేచింది. చెరువు రొయ్య ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ నేడు దేశంలో మొదటి స్థానంలో ఉంది. నిజాంపట్నం, రేపల్లె ప్రాంతపు విద్యార్థులకు ఈ ఎగుడుదిగుళ్లను వేరే వివరించనక్కర్లేదు. అప్పులు, పంట సెలవులు, ఖాళీ చెరువులు వాళ్లు ఇంట్లోనే చూశారు.

ఎండిన రొయ్య పెంకులో కైటిన్ వంతు సుమారు 20 నుంచి 30 శాతం. మిగిలినది చాలావరకు కాల్షియం కార్బొనేటు, ప్రోటీను. కాబట్టి పెంకు నుంచి కైటోసాన్ తీయాలంటే మూడు మెట్లు ఎక్కాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నాన్ని తొలగించాలి. పలచని కాస్టిక్ సోడాతో ప్రోటీనును తొలగించాలి. చివరగా 40 నుంచి 50 శాతం గాఢత గల కాస్టిక్ సోడాలో వేడిచేసి ఎసిటైల్ సమూహాలను ఊడగొట్టాలి. ప్రతి మెట్టు తరువాత బోలెడన్ని నీళ్లతో కడగాలి.

శిలీంద్రాల వైపు మలుపు

శిలీంద్రాలలో కైటిన్ ఉందని తెలుసు సరే, నేరుగా కైటోసాన్ కూడా ఉంటుందా? 1954లో క్రెగర్ ‘ఫైకోమైసిస్’ అనే బూజులో సహజ కైటోసాన్‌ను చూపాడు. 1962లో బార్ట్‌నిట్స్కీ-గార్సియా, నికర్సన్ ‘మ్యూకర్ రూక్సీ’ కణకవచంలో అది ప్రధాన భాగమని తేల్చారు. మ్యూకర్ అంటే పాచిపోయిన రొట్టె మీద కనిపించే బూజు కుటుంబానిది. ఆ బూజు మొదట కైటిన్ తయారుచేసుకొని, వెంటనే ఒక ఎంజైముతో ఎసిటైల్ సమూహాలను తీసివేస్తుందని 1974లో జపాన్ శాస్త్రవేత్తలు అరాకి, ఇతో కనుగొన్నారు. మనం 50 శాతం కాస్టిక్‌తో మరిగించి చేసే పనిని ఆ బూజు గది ఉష్ణోగ్రత దగ్గర నిశ్శబ్దంగా చేస్తోంది. 1979లో వైట్, ఫరీనా, ఫుల్టన్ మ్యూకర్‌ను పెంచి కైటోసాన్ తీసే ప్రయోగశాల పద్ధతిని ప్రచురించారు. తరువాత వచ్చిన పద్ధతులలో చాలావాటికి ఇది ఆధారం.

పుట్టగొడుగుల నుంచి తీసే విధానం సూత్రంలో బ్రాకొన్నో చేసినదానికి దగ్గరగానే ఉంటుంది. కాడలను, అమ్ముడుపోని ముక్కలను కడిగి, ఎండబెట్టి పొడి చేస్తారు. పొడిని సుమారు 4 శాతం కాస్టిక్ సోడా ద్రావణంలో, గ్రాముకు 30 నుంచి 40 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, ఆటోక్లేవులో 121 డిగ్రీల దగ్గర పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వేడిచేస్తారు. ఆటోక్లేవు అంటే ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న వంటిది. ప్రోటీన్లు, కొన్ని చక్కెర పదార్థాలు కరిగిపోయి, క్షారంలో కరగని భాగం మిగులుతుంది. దానిని తటస్థమయ్యే దాకా కడిగి, 2 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 95 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే కైటోసాన్ ఆమ్లంలోకి దిగుతుంది. గ్లూకాన్‌తో గట్టిగా ముడిపడిన కైటిన్ కరగకుండా ఉండిపోతుంది. సెంట్రిఫ్యూజులో తిప్పి పైతేటను తీసుకొని, పీహెచ్ 9, 10 వరకు పెంచితే తెల్లని పెరుగుతరకల వంటి అవక్షేపం పడుతుంది. అదే కైటోసాన్. బటన్ పుట్టగొడుగు వంటి రకాలలో సహజ కైటోసాన్ తక్కువ, కైటిన్ ఎక్కువ కాబట్టి వాటికి ఆమ్లపు మెట్టుకు ముందు గాఢమైన కాస్టిక్ మెట్టు కూడా తప్పదు. పెంకుల పద్ధతితో పోలిస్తే ఇక్కడ సున్నాన్ని తీసే ఆమ్లపు మెట్టు అక్కరలేదు. తేడా ముఖ్యంగా అదే. ‘రసాయనాలు లేని పద్ధతి’ అని అమ్మకపు ప్రకటనలలో కనిపించే మాటను మాత్రం నమ్మనక్కర్లేదు.

వైద్యం ఏం కోరింది

గాయం మీద కైటోసాన్ ఎలా పనిచేస్తుంది? ఎర్ర రక్తకణాల పైపొర మీద రుణావేశం ఉంటుంది. ధనావేశం గల కైటోసాన్ వాటిని తన చుట్టూ పోగుచేసి బిరడా వంటి ముద్దను ఏర్పరుస్తుంది. శరీరంలోని గడ్డకట్టే వ్యవస్థ మీద అంతగా ఆధారపడకుండానే రక్తం ఆగుతుంది. బాక్టీరియా పైపొరను దెబ్బతీసే గుణం కూడా దీనికి కొంత ఉంది. మన కన్నీటిలో, కణజాలంలో ఉండే లైసోజైమ్ దీనిని మెల్లగా ముక్కలు చేస్తుంది.

జపాన్‌లో 1980లలోనే కైటిన్‌తో చేసిన గాయపు కప్పులు వైద్యంలోకి వచ్చాయి. 2002లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ‘హెమ్‌కాన్’ అనే కైటోసాన్ బ్యాండేజీకి అనుమతి ఇచ్చింది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలలో అమెరికా సైన్యం దానిని వాడింది. మనదేశంలో అహ్మదాబాదుకు చెందిన యాక్సియో బయోసొల్యూషన్స్ ‘యాక్సియోస్టాట్’ పేరుతో ఇటువంటి బ్యాండేజీని తయారుచేస్తోంది. యుద్ధరంగం కోసం పుట్టిన ఈ సరుకు మనకు ఎక్కువగా అవసరమయ్యేది రోడ్డు ప్రమాదాల దగ్గర.

హెమ్‌కాన్‌లోని కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి తీసినది. రొయ్య, పీత తింటే ఒళ్లు దద్దుర్లెక్కేవారికి అటువంటి బ్యాండేజీ ప్రమాదమా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. పుట్టగొడుగు కైటోసాన్‌ను సమర్థించేవారు మొదట ఎత్తే వాదన ఇదే. నిజానికి అలర్జీ కలిగించేది ట్రోపోమయోసిన్ వంటి ప్రోటీన్లు, కైటోసాన్ కాదు. బాగా శుద్ధిచేస్తే ప్రోటీను మిగలదు. రొయ్య అలర్జీ ఉన్న కొద్దిమంది మీద ఆ బ్యాండేజీతోనే జరిపిన ఒక అధ్యయనంలో ఎవరికీ ప్రతిచర్య కనబడలేదు. కాబట్టి అలర్జీ వాదన వినడానికి ఉన్నంత బలంగా లేదని నేను అనుకుంటున్నాను. అంతకన్నా బలమైన కారణం నిలకడ. సముద్రపు పెంకు కాలాన్ని బట్టి, జాతిని బట్టి, పట్టిన చోటును బట్టి మారుతుంది. ఎండలో ఎంతసేపు పడి ఉందో కూడా ఎవరూ రాసిపెట్టరు. గొలుసు పొడవు, ఎసిటైల్ శాతం ప్రతి విడతకూ మారితే శరీరంలో కరిగే వేగమూ మారుతుంది. మురుగునీటి శుద్ధికి ఇది పెద్ద లోపం కాదు. కీలులోకి సూదితో ఎక్కించే మందుకు మాత్రం ఇది ప్రాణాంతకమైన లోపం. మూసిన గదిలో, తెలిసిన మేత మీద, తెలిసిన విత్తనంతో పెంచిన శిలీంద్రానికి ఈ చిక్కు తక్కువ.

1997లో తైవాన్ శాస్త్రవేత్త సూ, ఆయన సహచరులు ‘గానోడెర్మా’ పుట్టగొడుగు నుంచి ఔషధ సారం పిండేశాక మిగిలిన పిప్పితో చర్మానికి బదులుగా కప్పే పొరను తయారుచేసి, జంతువుల గాయాల మీద పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. దాని పేరు ‘సాకాకైటిన్’. 2000లో బెల్జియంలోని లియేజ్ దగ్గర ఏర్పడిన కైటోజైమ్ సంస్థ శిలీంద్ర కైటోసాన్‌ను పారిశ్రామిక స్థాయికి తెచ్చింది. దానికి ఒక ముడిసరుకు ‘ఆస్పర్జిల్లస్ నైజర్’. నిమ్మ ఉప్పు అని మనం పిలిచే సిట్రిక్ ఆమ్లాన్ని కర్మాగారాలలో ఈ బూజుతోనే తయారుచేస్తారు. ఆమ్లం తీసేశాక టన్నుల కొద్దీ బూజు వ్యర్థంగా మిగులుతుంది. దాని నుంచి తీసిన కైటిన్-గ్లూకాన్ ఆహారంలో వాడకానికి సురక్షితమని 2010లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ అభిప్రాయం చెప్పింది. మోకాలి కీలు అరుగుదలకు సూదితో ఇచ్చే పదార్థాల కోసం బటన్ పుట్టగొడుగు కైటోసాన్‌ను మార్పుచేసి వాడే పని కూడా బెల్జియంలోనే సాగింది.

ఇక్కడ ఒక మాట. బరువు తగ్గిస్తాయంటూ అమ్మే కైటోసాన్ మాత్రలకు ఈ చరిత్రతో సంబంధం చాలా తక్కువ. ఆ వాదనకు ఆధారం చాలదని అదే ఐరోపా సంస్థ 2011లో తేల్చింది. గాయాన్ని మూసే గుణం పొట్టను తగ్గించే గుణం కాదు.

గడ్డివాము దగ్గరి లెక్క

పుట్టగొడుగు మనకు కొత్తది కాదు. తొలకరి తరువాత పుట్టల మీద మొలిచేదానిని గొడుగుతో పోల్చి పేరు పెట్టుకున్నాం. తినకూడని వాటిని కుక్కగొడుగులన్నాం. సాగు మాత్రం కొత్తది. మనదేశంలో వరిగడ్డి పుట్టగొడుగు శాస్త్రీయ సాగు 1940లలో కోయంబత్తూరులో మొదలైంది. అప్పుడు గుంటూరు జిల్లా, కోయంబత్తూరు రెండూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల వచ్చింది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తరువాత అది భాగమైంది.

గడ్డి ఉంది, వేడి ఉంది, కళాశాల పక్కనే ఉంది కాబట్టి పిట్టలవానిపాలెంలో పుట్టగొడుగు కైటోసాన్ తీయవచ్చు కదా అని విద్యార్థులు అడుగుతుంటారు. లెక్క వేద్దాం. తాజా పుట్టగొడుగులో సుమారు 90 శాతం నీరు. వంద కిలోల కాడలు ఎండితే పది కిలోలవుతాయి. వంద గ్రాముల పొడికి మూడు గ్రాముల కైటోసాన్ వస్తుందనుకుంటే, దొరికేది 300 గ్రాములు. ఆ పది కిలోల పొడికి, పైన చెప్పిన నిష్పత్తిలో, 300 నుంచి 400 లీటర్ల కాస్టిక్ ద్రావణం కావాలి. కడిగే నీళ్లు వేరే. వాడిన ఆ సోడా నీరు ఎక్కడికి పోతుంది? డెల్టాలో ఏ గుంట తవ్వినా అది చివరకు డ్రెయిన్‌లోకో, పక్క పొలంలోకో చేరుతుంది. సోడియం ఎక్కువైన నల్లరేగడి బిగుసుకుపోయి నీరు దిగనివ్వదు. రొయ్యల చెరువుల ఉప్పునీటితో పక్క చేలు చెడిపోయిన తగాదాలు ఈ తీరంలో కొత్త కాదు. తటస్థం చేసే తొట్టెలు, నీటిని మళ్లీ వాడుకునే ఏర్పాటు లేకుండా ఈ పని ఊళ్లో పెట్టడానికి నేను ఒప్పుకోను. పైగా వైద్యానికి పనికివచ్చే కైటోసాన్‌లో భారలోహాలు, బాక్టీరియా విషాల అవశేషాలు హద్దు మించకూడదు. గాయపు కప్పు దేశంలో అమ్మాలంటే వైద్య పరికరాల నిబంధనలు, 2017 వర్తిస్తాయి. పెరటి షెడ్డులో తీసిన పొడికి, ఆసుపత్రి బల్ల మీది బ్యాండేజీకి మధ్య ఖర్చు ఎక్కువగా ఈ పరీక్షలలోనే ఉంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది, అది వరిగడ్డి పుట్టగొడుగు స్వభావంలోనిది. 30 నుంచి 35 డిగ్రీల వేడిలో, విత్తనం చల్లిన రెండు వారాల లోపే అది కోతకు వస్తుంది. కోసిన తరువాత ఒక రోజు నిలవడమే కష్టం. మిగతా కూరగాయల మాదిరి ఫ్రిజ్‌లో పెడితే 4 డిగ్రీల దగ్గర అది తనంతట తానే కరిగి నీరు కారుతుంది. దీనిని గొడుగు విచ్చుకోక ముందే, తొడుగులో ముడుచుకొని ఉన్న గుడ్డు దశలో కోస్తారు. శాస్త్రీయనామంలోని ‘వాల్వా’ ఆ తొడుగు పేరే. కోసినదంతా తింటారు, కాబట్టి పారేసే కాడ అంటూ దాదాపు ఉండదు. బటన్ పుట్టగొడుగుకు ప్రతి కోతలోనూ అడుగు కాడ తెగి కుప్ప పడుతుంది. ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగుల సాగులోనూ గట్టి మొదళ్లు మిగులుతాయి. బ్రాకొన్నో జాబితాలోని మిగతా జాతుల సంగతి ఎలా ఉన్నా, డెల్టా వేడిలో బాగా మొలిచే ఈ రకానికి కైటోసాన్ పరిశ్రమలో ఇంకా చోటు దొరకలేదు. దాని వ్యర్థం అంటూ పోగుపడేది, వాడేసిన వరిగడ్డి ఒక్కటే. ఆ గడ్డిలో అల్లుకుపోయిన శిలీంద్రపు దారాలలో కైటిన్ ఉంటుంది కాని, గడ్డి సెల్యులోజు నుంచి దానిని విడదీయడం కాడల నుంచి తీయడం కన్నా చాలా కష్టం. కనుక పంట అయిపోయాక ఆ గడ్డిని రైతు ఎరువు గుంటలో వేస్తున్నాడు.